క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు

ఈ సామెత ఎవరి కోసం పుట్టిందో నాకు తెలీదు గానీ, మా అత్తగారు మాత్రం నాలుగేళ్లుగా దీన్ని మా తోటికోడలి బడికే అంకితం చేసేశారు. పొద్దున్న ఒకసారి, రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు ఒకసారి తప్పకుండా అంటారు. ఆవిడ అన్నదాంట్లో వెటకారం కొంత, బాధ కొంత. కోడలు చిక్కి సగమైపోతోందని బాధ. చేతిలో ఏమీ మిగలడం లేదని వెటకారం.

మాది దేవరాపల్లి. చోడవరం పక్కన. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అయ్యాం గానీ, చుట్టాలకు ఊరు చెప్పాల్సొస్తే ఇప్పటికీ నోట్లోంచి విశాఖ జిల్లా అనే వస్తుంది. విశాఖపట్నం వాళ్ళు తాగే నీళ్లల్లో కొన్ని మా మండలంలోని రైవాడ జలాశయం నుంచే వెళ్తాయి కాబట్టి ఆ మాత్రం చనువు ఉందనుకుంటాను. చుట్టూ చెరకు, వరి. చెరకు నరికే రోజుల్లో తల్లులిద్దరూ ముగ్గురూ కలిసి పొలాలకు పోతారు. సచివాలయంలో చేసే అమ్మాయిలున్నారు, చోడవరం బస్సెక్కి బట్టల కొట్లో పనికి వెళ్ళేవాళ్ళున్నారు. ఇళ్లల్లో ముసలమ్మలున్నా, రెండున్నరేళ్ల పిల్లాడి వెనక పరిగెత్తే మోకాళ్లు అందరికీ ఉండవు కదా. అలా మా ఇంటి ముందు గదిలో, మా మరిది భార్య చిన్నపిల్లల బడి పెట్టింది. రెండున్నరేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు. మొదట ఆరుగురు. నిరుడు వానాకాలానికి ఇరవై ఇద్దరు.

బడి అంటే చూసేవాళ్ళకి పిల్లల పాటలు, రంగు పెన్సిళ్ళు కనబడతాయి. ఇంట్లో ఉన్నదాన్ని కాబట్టి నాకు మిగతాది కనబడుతుంది. ఇలాంటి చిన్న బడి నడిపే మనిషి ఒకే ఒంట్లో ఐదారుగురు. టీచరూ తనే, గుమాస్తా తనే, ఫీజులు అడిగేదీ తనే. ఆయా రాని రోజు ఆయా కూడా తనే. ఆటో ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడే కాపలా మనిషీ తనే. ఆ పైన ఇల్లు బడిలోనే ఉంది కాబట్టి, బడి ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలీదు. ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు తాళం వేసి ఇంటికొస్తారు. ఇంట్లోనే ఆఫీసున్నవాళ్ళు తాళం ఎక్కడ వేసుకుంటారు?

రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగుతుంది. "టీచరుగారూ, మావాడు ఇవాళ అన్నం తిన్నాడాండీ?" తొమ్మిదింబావుకి ఇంకొకరు. "రేపు ఎరుపు రంగు చొక్కాయే వెయ్యాలా, గులాబీ రంగైతే పర్వాలేదా?" ఇవి పెద్ద పెద్ద ప్రశ్నలు కావు. అలాగని జవాబు చెప్పకుండా ఊరుకునేవీ కావు. పక్క గదిలోంచి అత్తగారి గొంతు వినబడుతుంది. "గుంటలు ఎప్పుడో ఎల్లిపోనారు. నువ్వింకా ఆ ఫోను వదల్లేదేటమ్మా?"

ఇవన్నీ ఎలాగో నడిచిపోయేవేమో. ఒక రాత్రి మా మరిది కూతురు కంచం ముందు కూర్చుని, "టీచర్, నాకు పెరుగు వెయ్యవా?" అంది. ఐదేళ్ల పిల్ల. పగలంతా ఆ ముందు గదిలోనే మిగతా పిల్లలతో కూర్చుంటుంది. అక్కడ అమ్మ అని పిలవకూడదు, అందరిలాగే టీచర్ అనాలని తల్లే నేర్పింది. మొదట్లో మేమందరం నవ్వాం. ఆ తర్వాత గమనిస్తే, ఆ పిల్ల ఇంట్లో కూడా అమ్మా అని పిలవడం మానేసి చాలా రోజులైంది. అడిగితే ఏమందో తెలుసా? "అమ్మా అంటే పలకదు, టీచర్ అంటే వెంటనే చూస్తుంది."

మా తోటికోడలు ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నా దగ్గరికొచ్చి, "అక్కా, బడి మూసేద్దామనుకుంటున్నాను. అత్త ఎలాగూ అదే అంటోంది" అంది. మూసెయ్యమనడానికీ నాకు నోరు రాలేదు, నడపమనడానికీ రాలేదు. ఇరవై ఇద్దరు పిల్లల తల్లులు ఆ గది చూసుకునే పనికి వెళ్తున్నారు. మా తోటికోడలికి కూడా పెళ్లయ్యాక తన పేరు మీద ఉన్నది ఆ బోర్డు ఒక్కటే. మూసే ముందు అసలు పొద్దంతా ఎక్కడికి పోతోందో ఒక వారం రాసి చూద్దాం అన్నాను.

నేను చదివింది తెలుగు బి.ఏ. లెక్కలంటే భయం. కానీ మన పాత లెక్క ఒకటి నాకిష్టం. రోజుకు అరవై గడియలు. గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు. గడియారం అన్న మాటలోనే ఉంది గడియ. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది వరకు పదహారు గంటలు లెక్క వేసుకుంటే సరిగ్గా నలభై గడియలు. రఫ్ నోట్‌బుక్‌లో రోజుకు నలభై గళ్ళు గీశాను. గంటకో గడి అంటే మరీ పెద్దది, అందులో నాలుగు పనులు దూరిపోతాయి. ఐదు నిమిషాలకో గడి అంటే రాయడానికే రోజు చాలదు. గడియ సరిపోయింది. తర్వాత మా అబ్బాయి చెప్పాడు, ఇటలీలో ఒక విద్యార్థి 1980ల చివర్లో టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమరు పెట్టుకుని ఇరవై ఐదు నిమిషాలకో విడతగా చదువుకునేవాడట, అది ఇప్పుడు ప్రపంచమంతా పాకిందట. మన గడియ కంటే ఒక్క నిమిషం ఎక్కువ. టమాటా లేకుండానే మన తాతలు ఆ కొలత పెట్టుకున్నారని మురిసిపోయాను.

వారం అయ్యాక ఇద్దరం కూర్చుని కూడితే, సగటు రోజు ఇలా తేలింది. పిల్లలతో బడి పది గడియలు. మధ్యాహ్నం ఇళ్లకు వెళ్ళకుండా ఉండిపోయే పిల్లలతో ఏడు. ఫోన్లు, మెసేజీలు ఐదు. మర్నాటి కాగితాలు, బొమ్మలు, కత్తిరింపులు మూడు. గది ఊడ్చి కడగడం మూడు. లెక్కలు ఒకటి. ఇది ఇరవై తొమ్మిది. వంట, వడ్డన, అంట్లు ఏడు. స్నానం, దీపం ఒకటి. కన్నకూతురికి ఒకటి. మిగిలిన రెండు గడియలు ఎటు పోయాయో ఎంత ఆలోచించినా తేలలేదు.

ఐదు గడియల ఫోను చూసి మా తోటికోడలు నమ్మలేదు. "రెండు గంటలా! ఒక్కోటీ రెండు నిమిషాలేగా అక్కా" అంది. అక్కడే ఉంది కిటుకు. రెండు నిమిషాల ఫోను రెండు నిమిషాలతో పోదు. పోపు వేస్తూ ఫోనెత్తితే పోపు మాడుతుంది, మళ్ళీ వెయ్యాలి. పిల్లకు కథ చెబుతూ ఫోనెత్తితే, తిరిగొచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది.

తర్వాత డబ్బు లెక్క. ఫీజు నెలకు ఎనిమిది వందలు. ఇరవై ఇద్దరికి 17,600. ఆయాకు 6,000. కరెంటు, మంచినీళ్ల డబ్బాలు, ఫినాయిలు, సబ్బులు 1,200. కాగితాలు, రంగులు, ఆటసామాను 1,400. మిగలాల్సింది 9,000. కానీ ఏ నెలా ముగ్గురు ఫీజు ఇవ్వరు, వచ్చే నెల కలిపి ఇస్తామంటారు, ఆ వచ్చే నెల రాదు. చేతికి వచ్చేది 6,600. పాతిక రోజుల పనికి పంచితే రోజుకు 264 రూపాయలు. గంటకు చూస్తే ఇరవై మూడు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఆ అంకె పైకి చదవద్దని మా తోటికోడలు నన్ను బతిమాలింది, అత్తగారు వింటే సామెత రోజుకు నాలుగుసార్లు అవుతుందని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఏడు గడియల వంట, అంట్లు ఎవరి లెక్కలోనూ ఉండవు. ప్రభుత్వం దేశమంతా తిరిగి జనం ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేసింది. 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు 97 పెట్టారు. 2024లో మళ్ళీ చేస్తే ఆడవాళ్ళవి 289, మగవాళ్ళవి 88. ఐదేళ్లలో మనకు పది నిమిషాలు తగ్గింది కదా అని సంతోషపడబోయాను. వాళ్ళకూ తొమ్మిది తగ్గింది! 289 నిమిషాలంటే మన లెక్కలో పన్నెండు గడియలు. మా తోటికోడలు దాన్ని ఏడు గడియలకు కుదించుకుంది, మిగతాది నేనూ అత్తగారూ మోస్తున్నాం కాబట్టి కుదిరింది. ఒంటరి కాపురంలో ఉండి ఇంట్లో బడి నడిపే అమ్మాయికి ఆ వీలు ఎక్కడిది?

గళ్ళ పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే మొదలుపెట్టాం. అన్నీ ఒకేసారి మారిస్తే పిల్లలూ తల్లులూ ఇద్దరూ తిరగబడతారని నెలకొక్కటి అనుకున్నాం.

మొదటిది ఫోను. సాయంత్రం ఐదున్నరకు తనే తల్లులందరికీ కలిపి ఒక్క వాయిస్ మెసేజి పెడుతుంది. ఇవాళ ఏం ఆడారు, ఎవరు సరిగా తినలేదు, రేపు ఏం తేవాలి. సగం ప్రశ్నలు అక్కడే చచ్చిపోయాయి. మిగిలినవాళ్ళు ఆరు లోపు ఫోను చెయ్యొచ్చు. జ్వరం, దెబ్బ, తప్పిపోవడం లాంటి వాటికి ఎప్పుడైనా సరే. మొదటి పది రోజులూ తొమ్మిదింటి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తను ఎత్తకుండా పొద్దున్న గేటు దగ్గర నవ్వుతూ జవాబు చెప్పేది. ఒక తండ్రి మాత్రం నేరుగా చెప్పాడు, పొలం నుంచి వచ్చి చెయ్యి కడుక్కునేసరికి ఎనిమిది అవుతుందమ్మా అని. న్యాయమే. ఆయన పొద్దున్న పిల్లను దింపేటప్పుడు రెండు నిమిషాలు ఆగి అడుగుతాడు. అందరికీ ఒకే నియమం అంటే వినడానికి బాగుంటుంది గానీ ఊళ్ళో కుదరదు.

రెండోది ఆలస్యంగా వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు. ఇది ఇలాంటి బడులన్నింటికీ ఉన్న రోగమే. బస్సు రాలేదనో, పని తెమల్లేదనో ఐదున్నర, ఆరు. ఒకరోజు ఒక బాబు ఏడింటి దాకా ఉండిపోయాడు. వాడు గేటు పట్టుకుని ఏడుపు, ఈవిడ వాణ్ణి ఎత్తుకుని వంట. జరిమానా పెట్టమని అందరూ సలహా ఇచ్చారు. నేను వద్దన్నాను, ఎందుకంటే ఇజ్రాయెల్ దేశంలోని హైఫా నగరంలో పిల్లల్ని చూసే కేంద్రాల్లో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు అచ్చం ఇదే చేసి చూసి 2000లో రాశారు. పది కేంద్రాలు తీసుకుని, ఆరింటిలో ఆలస్యానికి జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు తగ్గకపోగా పెరిగారు. అంతకు ముందు టీచరు ముఖం చూసి సిగ్గుపడి పరిగెత్తుకొచ్చిన తల్లిదండ్రులు, ఇప్పుడు డబ్బు కట్టేశాం కదా అనుకున్నారు. జరిమానా ఎత్తేసినా మళ్ళీ పాత పద్ధతికి రాలేదు. మొహమాటం ఒకసారి పోయాక తిరిగి రాదన్నమాట. మన ఊళ్లలో ఇంకా మిగిలి ఉన్న ఆస్తి ఆ మొహమాటమే, దాన్ని ఇరవై రూపాయలకు అమ్ముకోవడం ఎందుకు?

అందుకని వేరే దారి చూశాం. ప్రతి పిల్లకూ రెండో మనిషి పేరు రాయించుకున్నాం. అమ్మమ్మో, పక్కింటి పిన్నో, ఎవరైనా. ఆ మనిషిని ఒకసారి తీసుకొచ్చి చూపించాలి. నాలుగున్నర దాటితే ఫోను ఆ రెండో మనిషికి వెళ్తుంది. మధ్యాహ్నం ఉండిపోయే పిల్లలు ఏడుగురికీ నెలకు మూడు వందలు వేరుగా, ముందే చెప్పి తీసుకుంటున్నాం. ఇది జరిమానా కాదు, చేసే పనికి కూలి. ఒక తల్లి గొణిగింది గానీ, మిగతావాళ్ళు, "ఇన్నాళ్ళూ ఊరికే చూశారా టీచరుగారూ?" అని ఆశ్చర్యపోయారు. ఊరికే చూసినట్టు వాళ్ళకు తెలియనే తెలీదు!

మూడోది నాకు చాలా నచ్చింది. పిల్లల పని పిల్లల చేత చేయించడం. చెప్పులు వరసగా పెట్టడం, చాప చుట్టడం, తిన్న గిన్నె తొట్టిలో వెయ్యడం, ఒలికిన నీళ్లు గుడ్డతో తుడవడం. మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ 1907లో రోమ్ నగరంలో పేదల వాడలో బడి పెట్టి చెప్పింది ఇదే, పిల్లలకు పని కూడా ఆటేనని. ఆవిడ 1939లో మన మద్రాసు అడయారుకు వచ్చి, ప్రపంచ యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇండియాలోనే ఉండి టీచర్లకు నేర్పింది. ఆ పేరుతోనే విజయవాడలో 1955లో కోటేశ్వరమ్మగారు బడి పెట్టి అరవై ఏళ్లకు పైగా నడిపారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆడది బడి పెడితే నాలుగు రోజుల ముచ్చట అనేవాళ్ళకి నేను ఆవిడ పేరు చెబుతుంటాను.

అయితే నిజం చెప్పొద్దూ, ఈ పద్ధతి మొదటి నెలంతా సమయం తినేస్తుంది. మనం అరనిమిషంలో చుట్టే చాపను మూడేళ్ల పిల్లాడు ఆరు నిమిషాలు చుడతాడు, చివర్లో దాని మీదే పడుకుంటాడు. చెయ్యి చాచి లాక్కుని మనమే చుట్టేద్దామనిపిస్తుంది. ఆయా అలా రెండుసార్లు లాక్కుంది కూడా. నెల గడిచాక చూస్తే, గది సర్దడంలో ఒక గడియ మిగిలింది. ఇళ్ల దగ్గర కూడా పిల్లలు చెప్పులు సర్దుతున్నారని తల్లులు చెప్పారు. చిన్నపిల్లల దగ్గర సమయం ఆదా అంటే తొందరపెట్టడం కాదు. బాత్‌రూముకు వెళ్ళిన పిల్లని తొందరపెడితే లంగా తడుస్తుంది, దానికింకో పావుగంట.

మర్నాటి సామాను రాత్రి పదింటికి కూర్చుని కత్తిరించడం మానేసి, శనివారం మధ్యాహ్నం వారానికి సరిపడా ఆరు డబ్బాలు సర్దుతోంది. చింతపిక్కలు, గవ్వలు, రంగు దారాలు, పాత పెళ్లి పత్రికల ముక్కలు. కొన్నవాటికంటే పిల్లలు చింతపిక్కలతోనే ఎక్కువసేపు ఆడతారని నా కళ్ళతో చూశాను. నోట్లో పెట్టుకునే వయసు వాళ్ళకు మాత్రం అవి ఇవ్వదు. ఫీజు ఐదో తారీకు లోపు. ఇవ్వలేనివాళ్ళు ముందే వచ్చి చెప్తే చెరకు డబ్బులు వచ్చేదాకా ఆగుతుంది, చెప్పకపోతే తనే అడుగుతుంది. అడగడానికి సిగ్గుపడి మూడు వారాలు మనసులో మథనపడే కన్నా, ఒక్క నిమిషం ముఖం చూసి అడగడం తేలిక అని ఈ మధ్యే నాతో అంది.

మా ఆయనకీ మరిదికీ కూడా గళ్ళ పుస్తకం చూపించాం. మరిది ఏమీ అనలేదు. చాలాసేపు పేజీలు తిప్పి, కూతురి గడి ఒక్కటే ఉన్న చోట వేలు పెట్టి ఆగాడు. ఆ మర్నాటి నుంచి పొద్దున్న ఇడ్లీ పాత్ర పెట్టడం, కూతుర్ని తయారు చెయ్యడం తనవి. జడలు మాత్రం ఇప్పటికీ వంకరే.

ఇక నా సంగతి. "నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, కాసేపు పిల్లల్ని చూడు" అనే మాట మీకందరికీ పరిచయమే. ఆ కాసేపుకు హద్దు ఉండదు. అందుకని నేను పదకొండు నుంచి పన్నెండు వరకు కథల గంట నాది అన్నాను, మిగతా వేళల్లో పిలవద్దన్నాను. చదివిన తెలుగు ఇన్నాళ్ళకు పనికొచ్చింది. మా తోటికోడలు నాకు నెలకు వెయ్యి రూపాయలు ఇస్తానంది. ఇంట్లోవాళ్ళకు జీతమేమిటని అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "ఇంట్లోవాళ్ళని ఊరికే వాడుకున్నాం కాబట్టే అత్తా, ఆ లెక్క ఎప్పుడూ తేలలేదు" అంది మా తోటికోడలు. తీసుకున్నాను. ఆ డబ్బుతో మొదట కొన్నది నాకోసం ఒక మంచి పెన్ను.

అన్నీ కుదిరాయని అనుకోవద్దు. వానాకాలం జ్వరాలు ఏ టైమ్‌టేబులూ వినవు. ఆయాకూ పిల్లలున్నారు, వాళ్ళకూ జ్వరాలొస్తాయి. సంక్రాంతికీ, అనకాపల్లి నూకాలమ్మ పండక్కీ ఆవిడ రాదు, రమ్మనడం కూడా ధర్మం కాదు. అలాంటి రోజుల కోసం రోజుకు ఒక గడియ దేనికీ రాయకుండా ఖాళీగా వదిలేస్తోంది. ఏమీ రాకపోతే ఆ గడియ తనది. ఆయా జీతం కూడా ఏడు వేలు చేసింది. ఆయా మానేస్తే కొత్త మనిషికి పిల్లలు అలవాటు పడడానికి పోయే రోజులతో పోలిస్తే ఆ వెయ్యి పెద్ద ఖర్చు కాదు.

ఈ జూన్‌లో ఇద్దరు పిల్లలు పెద్దబడికి వెళ్ళారు, ఇరవై మంది మిగిలారు. అక్కడే ఆపేసింది. జాతీయ బాలల హక్కుల కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం ఇచ్చిన నియమాల్లో ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని ఉంది. తన దగ్గర ఉన్నదీ అంతే. ఫీజు తొమ్మిది వందలు చేసింది. మొన్న మళ్ళీ కూడితే, ఫీజులు 18,000, మధ్యాహ్నం పిల్లలవి 2,100. ఆయాకు, ఖర్చులకు, నాకు పోగా 9,500. బడికి పోయే గడియలు ఇరవై తొమ్మిది నుంచి ఇరవై ఒకటికి తగ్గాయి. గంటకు నలభై ఐదు రూపాయలు పడుతోంది. మేడలు కట్టే డబ్బేమీ కాదు. కానీ మిగిలిన ఎనిమిది గడియల్లో మూడు కూతురివి. సాయంత్రం ఆరింటికి ముందు గదికి తాళం వేసి, తాళంచెవి ఆ పిల్ల చేతికిస్తుంది. అది తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టి, "బడి అయిపోయింది" అని ఇల్లంతా వినబడేలా అరుస్తుంది. అమ్మా అని పిలుస్తోందా అని మీరు అడుగుతారని తెలుసు. పిలుస్తోంది. కోపమొస్తే మాత్రం ఇంకా టీచర్ అంటుంది.

మీలో ఎవరైనా ఇంట్లోనే ట్యూషన్లు, కుట్టుపని, బ్యూటీ పార్లరు, ఇలాంటి పిల్లల బడి నడుపుతుంటే, ఒక్క వారం నలభై గళ్ళు గీసి చూడండి. ఏమీ మార్చకండి, ఊరికే రాయండి. ఎక్కువ ఎక్కడ పోతోందో వెతకడం కన్నా, మీరు చాలా ముఖ్యం అనుకునేదానికి ఎన్ని గళ్ళు పడ్డాయో ముందు చూడండి. మిగతాది ఎక్కడ కత్తిరించాలో అదే చెబుతుంది.

ఇప్పుడు తేలని సంగతి ఒకటి నడుస్తోంది. అత్తగారి చెల్లెలి మనవరాలిని చేర్చుకోమని పోయిన వారం వాళ్ళు వచ్చారు. ఇరవై ఒకటో పిల్ల. అత్తగారు ఆ చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మన గుంటే కదా, ఓ మూల కూర్చుంటాది" అన్నారు. మా తోటికోడలు చేతులు నలుపుకుంది. ఒక బాబు వాళ్ళు దసరా తర్వాత వైజాగు వెళ్ళిపోతున్నారు, ఆ ఖాళీ ఈ పిల్లదే, అంతవరకు వీధి చివర అంగన్‌వాడీకి పంపండి, నేనే వచ్చి మాట్లాడతాను అని మెల్లగా చెప్పింది. చెప్పినట్టే వెళ్ళి మాట్లాడింది.

అత్తగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం, మధ్యాహ్నం పిల్లలు ఏడుగురూ నిద్రపోకుండా అల్లరి చేస్తుంటే, చాప చంకన పెట్టుకుని ముందు గదిలోకి వెళ్ళారు. "రండర్రా, నా కాడ తొంగోండి" అని వాళ్ళ మధ్యలో నడుం వాల్చారు. మా తోటికోడలు అన్నం కంచం తెచ్చుకుని, వేడిగా ఉండగానే తినింది.